సంక్రాంతి సాయంత్రం చుట్టాలకు ఏది మేలు: పెద్ద పళ్లెమా, విడి ప్లేట్లా, వేడివేడి గారెలా?

పండగ మూడు రోజుల్లో ఇంటికి వచ్చేవాళ్లు ఒక్కసారిగా రారు. మధ్యాహ్నం తిన్నది అరక్కముందే నాలుగింటికి ఒక కుటుంబం దిగుతుంది. ఐదున్నరకు పక్కింటివాళ్లు వస్తారు. రాత్రి భోజనానికి పిలిచినవాళ్లు ఏడు దాటాక వస్తారు. భోజనం వడ్డించేలోపు వీళ్లందరికీ నోట్లో వేసుకోవడానికి ఏదో ఒకటి అందాలి.

ఇందుకు మన ఇళ్లలో మూడు పద్ధతులున్నాయి. చెక్కలు, జంతికలు, అరిసెలు అన్నీ ఒక పెద్ద పళ్లెంలో పేర్చి హాలు మధ్యలో పెట్టడం ఒకటి. తలా ఒక ప్లేటు సర్ది చేతికివ్వడం రెండోది. పొయ్యి దగ్గర నిలబడి గారెలో బజ్జీలో వాయ తర్వాత వాయ దించి పంపడం మూడోది. ఆరుగురిలోపు మనుషులైతే వేడివాటికి సాటి లేదు. ఎనిమిది మంది దాటారంటే పళ్లెమే మేలు, అయితే అందులో పొడివి మాత్రమే ఉండాలి. విడి ప్లేటు కొందరికి తప్పనిసరి, అందరికీ అనవసరం.

వేడివాటితో ఇబ్బంది రుచిలో లేదు, లెక్కలో ఉంది

పన్నెండు మందికి తలా రెండు గారెలంటే ఇరవై నాలుగు. మామూలు మూకుట్లో వాయకు ఐదారు పడతాయి, అవి వేగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అంటే అందరికీ ఒక చుట్టు అందేసరికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. మొదటి వాయ తిన్నవాళ్లు రెండోసారి అడిగేసరికి చివరివాళ్లకు ఇంకా మొదటిదే అంది ఉండదు. తొందరపడి మూకుట్లో ఎనిమిది వేస్తే నూనె చల్లబడి గారె పీల్చేసుకుంటుంది. వేసే మనిషి ఆ గంటసేపూ వంటింట్లోనే ఉండిపోతారు. పండక్కి వచ్చిన ఆడపడుచుతో వదిన రెండు మాటలైనా మాట్లాడలేకపోవడం ఏం పండగ?

పైగా మినప గారె ఎక్కువసేపు ఆగదు. పది నిమిషాలు దాటితే పైపొర మెత్తబడుతుంది, అరగంటకు రబ్బరులా సాగుతుంది. ముందే వేసి హాట్‌ప్యాక్‌లో మూత పెడితే ఇంకా పాడు: లోపలి ఆవిరి గారెల మీదే నీరై కూర్చుంటుంది.

అయినా వేడి రకం ఒకటి ఉండాల్సిందే. దాన్ని సరిగ్గా ఎంచుకుంటే చాలు. మినప గారెల బదులు శనగపప్పు మసాలా వడలు పెట్టుకోండి. పావుకిలో పప్పు రెండు మూడు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, చుక్క నీరు పోయకుండా బరకగా రుబ్బితే ఇరవై ఐదు చిన్న వడలవుతాయి. గుప్పెడు పప్పు రుబ్బకుండా తీసి చివర్లో కలపండి, కరకరకు అదే కారణం. పల్చగా తడితే గంటసేపు గట్టిగానే ఉంటాయి. రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో అలసందలతో వేసే వడలూ ఇంతే. ఉల్లిపాయ ముక్కలు మాత్రం వేసేముందే కలపాలి. ముందే కలిపి ఉంచితే ఉప్పుకు నీరు ఊరి పిండి జారిపోతుంది, నూనెలో వడ విడిపోతుంది.

ఇడ్లీ పిండి మిగిలి ఉంటే పునుగులు ఇంకా సులువు. వాయకు పన్నెండు, పదిహేను పడతాయి. పిండి పల్చగా ఉంటే రెండు చెంచాల బియ్యప్పిండి కలపండి. మైదా కలిపితే చల్లారాక సాగుతాయి.

మిరపకాయ బజ్జీ నలుగురైదుగురికే. కాయ చీల్చి, గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కూరి, ఒకసారి వేయించి, కోసి, మళ్లీ వేయించే పని పన్నెండు మందికి పెట్టుకోకండి.

విడి ప్లేటు ఎవరికి?

కొత్త అల్లుడికి, వియ్యంకులకు, మొదటిసారి గడప తొక్కినవాళ్లకు, లేచి తీసుకోలేని పెద్దవాళ్లకు. "మీరే తీసుకోండి" అంటే వీళ్లు మొహమాటపడి ఒక్క జంతిక ముక్క తుంచుకుని ఊరుకుంటారు. ప్లేటులో పెట్టి చేతికిస్తే మర్యాదగా ఉంటుంది, కడుపూ నిండుతుంది. షుగరున్న పెద్దవాళ్లకు స్వీటు లేకుండా సర్ది ఇచ్చే వీలు కూడా ఇందులోనే ఉంది. పదిమందిలో "నాకు వద్దమ్మా" అని చెప్పే పని తప్పుతుంది.

అందరికీ ఇదే పద్ధతంటే మాత్రం వృథా ఎక్కువ. కారం తినేవాడి ప్లేటులో సున్నుండ మిగులుతుంది, తీపి ఇష్టమున్న పిల్ల ప్లేటులో చెక్కలు మిగులుతాయి. ఒకరి ప్లేటులో మిగిలింది ఇంకొకరికి పెట్టలేం. ముందే సర్ది ఉంచితే జంతికలు గాలికి మెత్తబడతాయి, వచ్చాక సర్దితే పన్నెండు ప్లేట్లకు పావుగంట.

పళ్లెంలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఎన్ని రకాలు పెడితే అంత ఘనం అనుకుంటాం. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించింది. అది చూసి మురిసిపోయే వేడుక. భోజనానికి ముందు తినే పళ్లెంలో ఏడు రకాలు దాటితే ఏదీ ఎవరికీ గుర్తుండదు. మూడు కారాలు, రెండు తీపులు, ఒక పండు, ఒక పప్పుగింజ చాలు.

పన్నెండు మందికి, తర్వాత భోజనం ఉందనుకుంటే: జంతికలు పావుకిలో, చెక్కలు ఇరవై, సకినాలు పన్నెండు. తీపిలో అరిసెలు ఐదు, ఒక్కోటి నాలుగు ముక్కలుగా కోసి. ఉసిరికాయంత సున్నుండలు పన్నెండు. ఇవన్నీ కలిపి మనిషికి సుమారు 90 గ్రాములు వస్తుంది. భోజనం లేకపోతే ఒకటిన్నర రెట్లు చేయండి. అంతకుమించి పెడితే రాత్రి అన్నం గిన్నెలు అలాగే మిగులుతాయి.

అరిసె నిండుగా పెడితే ఎవరూ ముట్టరు. "మొత్తం తినలేను" అంటారు. ముక్క కోసి పెడితే రెండు ముక్కలు తింటారు. సకినాన్ని మాత్రం విరవకండి. తడిపి పిండి కొట్టి, బట్ట మీద చేత్తో చుట్టు చుట్టూ తిప్పి, తడి ఆరనిచ్చి వేయించిన శ్రమంతా ఆ వలయంలోనే కనిపిస్తుంది. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే కిందివి చిట్లుతాయి. ఒక గిన్నెకు ఆనించి వాలుగా నిలబెట్టండి.

బొబ్బట్లు, పెరుగు గారెలు, పులిహోర, పూర్ణాలు ఈ పళ్లెంలోకి రాకూడదు. బొబ్బట్టు చల్లారితే రుచి తగ్గుతుంది, నెయ్యి కారి పక్కవాటిని తడుపుతుంది. పెరుగు కలిసినవి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. అవి భోజనంలో పెట్టండి. ఆత్రేయపురం పూతరేకులుంటే అతిథులు కూర్చున్నాక, ఆఖరి నిమిషంలో పెట్టండి. గాలిలో తేమకు రేకు ఇట్టే ముద్దవుతుంది. కత్తితో కోస్తే పొడిపొడి అవుతుంది, కత్తెరతో సగానికి కత్తిరించాలి.

పండు విషయంలో బజారు స్ట్రాబెర్రీల వెంట పడనక్కర్లేదు. సంక్రాంతికి జామకాయలు, రేగుపళ్లు, చెరకు అన్నీ ఉంటాయి. కోస్తాలో తేగలు దొరుకుతాయి. ఉడికించిన తేగను పీచు తీసి వేలెడంత ముక్కలు చేస్తే పొడిగానే ఉంటుంది కాబట్టి పళ్లెంలోనే పెట్టొచ్చు. జామ ముక్కలకు ఉప్పూకారం చల్లితే నీరు వదులుతాయి, వాటికి విడి గిన్నె కావాలి. చెరకు ముక్కలు పెడితే పిప్పి వేయడానికి ఒక ఖాళీ గిన్నె పక్కనే పెట్టండి. లేకపోతే పిప్పి అంతా పళ్లెం అంచునే చేరుతుంది.

పేర్చడం

ఒకటిన్నర అడుగుల స్టీలు పళ్లెం అన్నిటికన్నా మంచిది. చెక్క పలక ఫొటోలో అందంగానే ఉంటుంది, కానీ మన వంటల నూనెను పీల్చుకుంటుంది, పసుపు మరక పోదు, నెల రోజులకు కమురు వాసన వేస్తుంది. వాడాలనే ఉంటే పైన అరిటాకు పరవండి. ఇత్తడి పళ్లెమైతే కళాయి ఉందో లేదో చూసుకోండి. కళాయి లేని ఇత్తడి మీద నిమ్మ, చింతపండు, పెరుగు తగలకూడదు.

అరిటాకు దగ్గర చాలామంది తడబడతారు. కడిగిన ఆకు మీద నేరుగా చెక్కలు పెడితే అడుగు వరస పది నిమిషాల్లో మెత్తబడుతుంది. ఆకును తడిబట్టతో తుడిచి, మళ్లీ పొడిబట్టతో ఒత్తి, సన్నటి సెగ మీద అటూ ఇటూ ఒక్కసారి తిప్పండి. రంగు ముదిరి నిగనిగలాడుతుంది, తడి పోతుంది, పళ్లెం ఆకారానికి వంచినా చీలదు.

ముందు గిన్నెలు పెట్టాలి: వేయించిన పల్లీలకు ఒకటి, పండు ముక్కలకు ఒకటి. తర్వాత సకినాలు వాటికి ఆనించాలి. చెక్కలు అర్ధచంద్రంలా వరసగా. జంతికలు గుప్పెడంత ముక్కలుగా విరిచి ఖాళీల్లోకి. తీపివి పళ్లెంలో రెండో వైపు, మధ్యలో మడిచిన ఆకు ముక్క అడ్డంగా. ఈ అడ్డు అలంకారం కోసం కాదు. అరిసెలో బెల్లం పాకం, నూనె రెండూ ఉంటాయి. దానికి తగిలిన చెక్క గంటలో తీపి వాసన పట్టి మెత్తబడుతుంది. అరిసెలను పళ్లెంలో పెట్టేముందు కాగితం మీద రెండు నిమిషాలు ఒత్తి ఉంచండి.

పచ్చళ్లు పళ్లెంలో వద్దు. అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి వడల ట్రేతో రావాలి.

ఎప్పుడు బయట పెట్టాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. గోదావరి జిల్లాల్లో జనవరి సాయంత్రాలు మంచు దిగుతుంది, కిటికీలు తెరిచిన హాల్లో అరగంటకు మించి ముందు పెట్టొద్దు. అమెరికాలో చలికాలం హీటర్ వేసిన ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి జంతికలు గంటల తరబడి కరకరలాడతాయి. కాకపోతే అక్కడ అరిసెలు బిగుసుకుంటాయి. ముక్కలను మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడితే మెత్తబడతాయి.

ఎంగిలి మాట

మన ఇళ్లలో ఉమ్మడి పళ్లెం విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒకరు జంతిక సగం కొరికి మిగతాది పళ్లెం అంచున పెట్టారంటే, అది చూసిన పెద్దావిడ ఇక చెయ్యి చాపదు. పళ్లెం పక్కనే ఆకు దొన్నెలు గానీ చిన్న ప్లేట్లు గానీ మనుషులకన్నా నాలుగు ఎక్కువ పెట్టండి. కారాలకొక పట్టకారు, తీపికొకటి, పల్లీలకు చెంచా. మొదట ఇంటివాళ్లే దొన్నెలో తీసుకుని చూపిస్తే మిగతావాళ్లు అదే అనుసరిస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలుంటే పల్లీల గిన్నె వాళ్లకందనంత ఎత్తున ఉంచండి, గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది.

ముందురోజు పని

పళ్లెం మేలు కావడానికి అసలు కారణం, కష్టమంతా పండక్కి ముందే అయిపోవడం. జంతికలకు నాలుగు గ్లాసుల బియ్యప్పిండి, ఒక గ్లాసు శనగపిండి, వాము, నువ్వులు, ఉప్పు, కారం, మూడు చెంచాల వేడి నూనె. నూనె ఎక్కువైతే మూకుట్లోనే విరిగిపోతాయి, తక్కువైతే పన్నుకు తగిలేంత గట్టిగా వస్తాయి. బుడగలు తగ్గి చప్పుడు అణిగాక తీయాలి. ముందే తీస్తే లోపల తడి మిగిలి రెండో రోజుకు మెత్తబడతాయి. చెక్కలకు నానిన శనగపప్పును బట్ట మీద ఆరబెట్టి కలపండి, తడి పప్పు నూనెలో పేలుతుంది. చెక్కను ఫోర్కుతో నాలుగుచోట్ల గుచ్చితే పూరీలా పొంగదు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయాలి.

అన్నీ ఇంట్లోనే చేయాలని లేదు. సున్నుండలు, చెక్కలు ఇంట్లోవైతే బాగుంటాయి. కాజాలు, పూతరేకులు కొనుక్కోవడమే మంచిది. కొన్న జంతికలు మెత్తగా ఉంటే 150 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు పెట్టి, బయట చల్లారనిస్తే కరకర తిరిగొస్తుంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే అనిపిస్తాయి, కంగారుపడి ఇంకా ఉంచితే మాడిపోతాయి.

వచ్చినవాళ్లు వెళ్లాక పళ్లెంలో మిగిలినవాటిని అసలు డబ్బాలో కలపకండి. గాలి తగిలినవి నాలుగు చేరినా మిగతావాటికీ తేమ పడుతుంది. వేరే చిన్న డబ్బాలో వేసి మర్నాడు కనుమ పొద్దున టీతో ముందుగా వాటినే అయిపోగొట్టండి. కోసిన పండు, ఆకుకు అంటుకున్న తీపి ముక్కలు ఆ రాత్రికే తీసేయాలి.