మా పెద్దోడి సీపీ చైర్: నాలుగేళ్లు వాడాక

మా పెద్దోడికి ఇప్పుడు ఏడేళ్లు. వాడికి సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలిక అదుపులో ఉండదు. వాడికి మూడేళ్లు నిండాక ఒక సీపీ చైర్, అంటే అట్లాంటి పిల్లల్ని ఆసరాతో నిటారుగా కూర్చోబెట్టే కుర్చీ కొన్నాం. చెక్కతో చేసింది. ముందు ట్రే, నడుముకీ ఛాతీకీ బెల్టులు, తొడల మధ్య దిమ్మ, కింద పాదాలకు పలక, నాలుగు చిన్న చక్రాలు ఉంటాయి. నాలుగేళ్లుగా మూడు పూటలా వాడుతున్నాం. కొనే ముందు, ఇంట్లో వాడినవాళ్లు ఎవరైనా తెలుగులో నాలుగు మాటలు చెప్తే బాగుండునని చాలా వెతికాను. దొరకలేదు. అందుకే మాకు తెలిసినదంతా రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

మాది తిరుపతి, తాతయ్యగుంట దగ్గర. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. నేను, మా ఆయన, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. చిన్నదానికి నాలుగున్నరేళ్లు. కుర్చీ ఇంటికొచ్చేటప్పటికి అది ఇంకా పాలు తాగే బిడ్డ.

మావాడికి కండరాలు బిగుసుకుంటాయి. కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. జీఎంఎఫ్‌సీఎస్ అని ఒక లెక్క ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 1997లో తెచ్చారు. బిడ్డ తనంతట తాను ఎంతవరకు కదలగలడో చూసి ఒకటి నుంచి ఐదు దాకా స్థాయి చెప్తారు. మావాడిది నాలుగు. అంటే ఆసరా ఉంటే కూర్చుంటాడు, లేకపోతే పక్కకు ఒరిగిపోతాడు. మీ బిడ్డ స్థాయి ఏదో థెరపిస్టుని అడిగి తెలుసుకున్నాకే కుర్చీ సంగతి ఆలోచించండి. ఒకటి, రెండు స్థాయిల పిల్లలకు చాలామందికి ఇంత పెద్ద కుర్చీ అవసరం రాదు.

కుర్చీ లేని రోజుల్లో అన్నం పెట్టడమంటే ఇట్లా ఉండేది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకునేదాన్ని. ఎడమ చెయ్యి మెడ కింద, కుడి చేత్తో ముద్ద. వాడు నవ్వినా ఏడ్చినా ఒళ్లంతా విల్లులా వెనక్కి వంగేది, తల వాలిపోయేది. తల వెనక్కి వాలితే మింగడం కష్టం, ముద్ద ఊపిరి దారిలోకి పోతుంది. దగ్గు, కళ్లలో నీళ్లు, తిన్నదంతా బయటికి. ఒక పూట అన్నానికి ముప్పావు గంట పట్టేది. ఆలోపు పక్కగదిలో చిన్నది ఏడుస్తూ ఉండేది. ఆ ఏడాది వాడికి రెండుసార్లు ఛాతీలో నెమ్ము చేరింది. ముద్ద మెత్తగా లేదేమో, నీళ్లు ఎక్కువయ్యాయేమో అని నేను వంటలో తప్పులు వెతుక్కుంటుంటే, మా థెరపిస్టు ఒకటే మాట అన్నారు. "నోటి సంగతి తర్వాతమ్మా, ముందు నడుము నిలబెట్టాల."

సరే అని కుర్చీ కొన్నాం. పదకొండు వేల పైచిలుకు పడింది. ఇక్కడే పెద్ద తప్పు చేశాం. అమ్మినవాళ్లు బిడ్డ వయసు అడిగారు, మేం మూడేళ్లన్నాం, మూడేళ్ల సైజు ఇచ్చేశారు. టేపు పట్టుకుని కొలవడం వాళ్లకీ తోచలేదు, మాకూ తెలియదు.

పది రోజులు నరకం. కూర్చోబెట్టిన ఐదు నిమిషాలకే వాడు ముందుకు జారిపోయేవాడు. నడుము జారేకొద్దీ ఛాతీ బెల్టు పైకి పాకి గొంతు దగ్గరికి వచ్చేది. ఒకరోజు అది గడ్డం కింద ఒరుసుకుని ఎర్రగా గీత పడింది. మా అత్తమ్మ చూసి, "బిడ్డని కట్టేసి కూచోబెడతావా, తీసి పారెయ్యి దాన్ని" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. కుర్చీని వరండాలో పెట్టి దుప్పటి కప్పేశాం.

థెరపిస్టు ఇంటికొచ్చి చూసి, వాణ్ణి కూర్చోబెట్టి, పిర్ర వెనక నుంచి మోకాలి మడత దాకా టేపు పెట్టారు. 24 సెంటీమీటర్లు. కుర్చీ సీటు లోతు 28. సీటు అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంటే బిడ్డ ముందుకు జరగక ఏం చేస్తాడు? సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు వేళ్లు పట్టాలట. మా వీధిలోని ఆచారి వీపు వెనక ప్లైవుడ్ పలక, దాని మీద గట్టి ఫోమ్ పెట్టి ఆరు సెంటీమీటర్లు లోతు తగ్గించాడు. అరపూట పని. అదే కుర్చీ, అదే బిడ్డ. ఆ సాయంత్రం ఇరవై నిమిషాలు ఏడవకుండా కూర్చున్నాడు.

కాబట్టి కొనేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది కొలతల గురించే. వయసు చెప్పి కొనొద్దు. సీటు లోతు ఒకటే కాదు, మోకాలి నుంచి మడమ దాకా ఎంతుందో చూసుకోండి, పాదం పలక మీద పూర్తిగా ఆనాలి. పాదాలు గాల్లో వేలాడితే ఒళ్లంతా బిగుసుకుంటుంది. పిర్రల వెడల్పు కొలవండి, పక్కల ఖాళీ ఎక్కువుంటే ఒక వైపుకి ఒరుగుతాడు. మోచేయి వంచినప్పుడు ఎంత ఎత్తులో ఉందో అక్కడికి ట్రే రావాలి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో ఉన్నాయా లేదా అని పక్కనుంచి చూస్తే కంటికే తెలిసిపోతుంది. బిగుతు ఎక్కువున్న పిల్లలకు ఆ కోణం కొంచెం మారొచ్చు, అది థెరపిస్టు చెప్పాలి.

బెల్టుల గురించి కూడా. ముందు నడుము బెల్టు, తర్వాతే ఛాతీది. విప్పేటప్పుడు ముందు ఛాతీది, ఆఖర్న నడుముది. ఈ వరస ఇంట్లో అందరికీ నేర్పాను. నడుము బెల్టు పొట్ట మీదికి కాదు, తుంటికీ తొడకీ మధ్య మడతలో పడాలి. తొడల మధ్య దిమ్మని జారకుండా ఆపడానికి పెట్టారని మేం అనుకున్నాం. కాదు. అది మోకాళ్లు దూరంగా ఉంచడానికి. జారకుండా ఆపాల్సింది బెల్టు. దిమ్మకు ఒత్తుకుని కూర్చుంటున్నాడంటే ఎక్కడో కొలత తప్పిందన్నమాట.

ఇప్పుడు మంచి సంగతులు. మా ఇంట్లో కింద కూర్చునే తింటాం. కుర్చీ వచ్చాక నేను వాడి ఎదురుగా స్టూల్ మీద కూర్చుంటాను, వాడి కళ్లూ నా కళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. ముద్ద పైనుంచి కాకుండా ఎదురుగా, కొంచెం కిందినుంచి పెడితే గడ్డం దానంతట అదే కాస్త కిందికి వస్తుంది. వేడి వేడి రాగి సంగటి జారుగా కలిపి, పప్పు పోసి, నెయ్యి వేసి పెడితే ఇప్పుడు ఇరవై నిమిషాల్లో తినేస్తాడు. తిన్నాక అరగంట అట్లాగే నిటారుగా కూర్చోబెడతాను. దగ్గు పూర్తిగా పోలేదు, కానీ ఆ నెమ్ము మళ్లీ రాలేదు. అది కుర్చీ ఒక్కదాని వల్లే అని నేను అనను, తినిపించే తీరు కూడా మార్చుకున్నాం.

అన్నం కన్నా నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ట్రే. ఒరిగిపోకుండా ఉండటానికే ఒంట్లో బలమంతా పెట్టే బిడ్డకు చేతులతో ఏదైనా చెయ్యడానికి ఏం మిగులుతుంది? నడుము కుదురుకున్నాక చేతులు లేచాయి. పోయిన ఏడాది ఒక సాయంత్రం చెనిక్కాయలు ఉడకబెట్టాను. వాడికి గింజలు పెట్టను, గొంతుకు అడ్డం పడతాయని భయం. చిన్నది కుర్చీ పక్కన నిలబడి కాయలు ఒలుచుకుని తింటూ, తడి తొక్కలన్నీ వాడి ట్రే మీద కుప్ప పోసింది. వాడు ఆ కుప్పను చూశాడు. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకునే ఉంది. అట్లాగే మోచేయి మీద ఆనుకుని, పిడికిలిని మెల్లగా పక్కకు జరిపాడు. తొక్కలు ట్రే అంచు దాకా వచ్చి ఆగాయి, అంచుకి చిన్న గట్టు ఉంది కదా. మళ్లీ జరిపాడు. ఈసారి గట్టు దాటి బొలబొలా కిందపడ్డాయి. చిన్నది ఎగిరి చప్పట్లు కొట్టి, కిందివన్నీ ఏరి మళ్లీ పోసింది. వాడు మళ్లీ తోశాడు. నేను వంటింటి గడపలో నిలబడిపోయాను. ఇద్దరూ కలిసి ఒక ఆట ఆడుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. అన్నం అడుగంటింది ఆ పూట.

అంతకుముందు చిన్నదానికి ఆ కుర్చీ అంటే కోపం. "నాకూ బెల్టు కావాల" అని గోల. అన్నకి కుర్చీ, అన్నకి థెరపీ, అన్నకి అమ్మ ఒళ్లు. తనకేముంది? ఆచారితోనే వాడి ట్రే ఎత్తుకి సరిపోయే చిన్న ముక్కాలిపీట చేయించాం. ఇప్పుడు దాని కంచం కూడా వాడి ట్రే మీదే. ఇద్దరు పిల్లలున్నవాళ్లు ఈ పీట ఖర్చు కూడా కుర్చీ ఖర్చులోనే వేసుకోండి.

మేలో గంగమ్మ జాతర వారం కుర్చీని వాకిట్లోకి తోసి చక్రాలకు లాక్ వేస్తాం. ఒళ్లంతా కుంకుమ పూసుకున్న బండ వేషం, మొహానికి బొగ్గు, చేతిలో వేపమండలతో తోటి వేషం, ఇట్లా వీధిలో పోతుంటే వాడు తల తిప్పి తిప్పి చూస్తాడు. ఇదివరకు నా భుజం మీద వాలి ఆకాశమే చూసేవాడు. మొన్న జాతరప్పుడు వాడికి కుంకుమ పూసి, బెల్టు వరసగా పెట్టి కూర్చోబెట్టింది ఎవరనుకున్నారు? మా అత్తమ్మే.

లోపాలు చెప్పాలి. రెగ్జిన్ సీటు మన ఎండలకు పనికిరాదు. ఏప్రిల్ వచ్చిందంటే వీపు, తొడల వెనక చెమటకాయలు. పాత కాటన్ చీరలతో మూడు కవర్లు కుట్టించి రోజుకొకటి మారుస్తున్నాను. స్క్రూలు రెండు మూడు నెలలకోసారి వదులవుతాయి, వాడు బిగుసుకున్నప్పుడల్లా కుర్చీ మొత్తం అదురుతుంది మరి. చక్రాల్లో వెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుని తిరగవు.

అన్నిటికన్నా ముఖ్యమైంది: కుర్చీ కొన్న రెండో ఏట ఒకరోజు వాడు గట్టిగా వెనక్కి తన్నుకుంటే కుర్చీ వెనక్కి లేచింది. మా ఆయన పక్కనే ఉండి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. వెనక కాళ్లు కురచగా, దగ్గరగా ఉండటమే కారణం. మర్నాడే వెనక వైపు రెండు ఇనుప పట్టీలు పొడుగ్గా వేయించాం. కొనేటప్పుడు వీపు పలక పట్టుకుని వెనక్కి గుంజి చూడండి. సులువుగా లేస్తే వద్దు.

ఇది ఇంటి కుర్చీ, బయటికి రాదు. పద్నాలుగు కిలోలుంది. ఆటోలో పట్టదు, బస్సు మాట దేవుడెరుగు. కొండకు పోవాలన్నా ఆస్పత్రికి పోవాలన్నా ఎత్తుకోవాల్సిందే, లేదా మడిచే బగ్గీ వేరే కొనుక్కోవాలి.

ఇంకొకటి. కుర్చీ బాగా కుదిరింది కదా అని గంటలు గంటలు అందులోనే ఉంచకండి. నాకూ ఆ ఆశ పుట్టింది. వంట చేసుకోవచ్చు, చిన్నదానికి తల దువ్వొచ్చు. కానీ మేం పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, ఇప్పుడు ఒక దఫాకి గంట దాటనివ్వం. మిగతా టైమంతా కింద పరుపు మీద దొర్లడం, పొట్ట మీద పడుకోవడం, స్టాండింగ్ ఫ్రేమ్ (ఆసరాతో నిలబెట్టే చట్రం). తుంటి కీలు పక్కకు జరుగుతోందేమో చూసే ఎక్స్‌రే మాత్రం డాక్టరు చెప్పిన గడువుకి మానకుండా తీయిస్తాం. కుర్చీ ఉంది కదా అని అది మానేస్తే ప్రమాదం.

డబ్బు సంగతి. మేం తెలియక అంతా చేతినుంచి పెట్టుకున్నాం. కేంద్ర ప్రభుత్వానిది అడిప్ అనే పథకం 1981 నుంచి ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండి, కుటుంబ ఆదాయం వాళ్లు పెట్టిన పరిమితిలో ఉంటే ఉపకరణాలు ఇస్తారు. మన దగ్గర వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ముందు తీయించుకోండి, అన్నిటికీ అదే అడుగుతారు. కాన్పూర్‌లో 1972లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అలిమ్కో తయారుచేసే సామాన్లలో సీపీ చైర్ కూడా ఉంది. అడిప్ పథకంలో పెద్దవాళ్లు ఒకసారి తీసుకుంటే అదే రకం సాయానికి మూడేళ్లు ఆగాలి, 12 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం ఏడాదే. బిడ్డలు పెరుగుతారని ఆ రూలు రాసినవాళ్లకు తెలుసు. క్యాంపులో ఇచ్చినా సరే, టేపు తీసుకుని పోండి. ఇక రిపేర్లు, కవర్లు, ఫోమ్ ఖర్చంతా వాడికొచ్చే వికలాంగుల పెన్షన్‌లోంచే పెడతాను. 2024 జులై నుంచి అది నెలకు 6,000 అయ్యాక కాస్త ఊపిరాడుతోంది.

ఐదుకి ఎంత అంటే, కొన్నరోజు కుర్చీకి ఒకటిన్నర ఇస్తాను, ఆచారి చెయ్యి పడ్డాక నాలుగున్నర. కాళ్ల పలక ఏడాదిన్నరకే ఆఖరి రంధ్రానికి వచ్చేసింది, దాన్ని కిందికి పొడిగించాం. వెనక పెట్టిన ఫోమ్ కొంచెం కొంచెంగా తీసేస్తూ వచ్చాం, పోయిన ఉగాదికి పూర్తిగా అయిపోయింది. ఇప్పుడు వాడి తొడ 33 సెంటీమీటర్లు, సీటు 28. ఇంక లాభం లేదు. కొత్తదానికి ఈసారి కొలతలు రాసిచ్చాం.

పాతది థెరపీ దగ్గర పరిచయమైన ఒకావిడకి ఇస్తున్నాం. వాళ్ల పాపకి మూడేళ్లు నిండలేదు. ఆవిడ సామాన్ల ఆటో తెచ్చుకుని నిన్ననే తీసుకుపోతానంది. ముందు పాపని కూర్చోబెట్టి కొలిచాను, 22 వచ్చింది. మళ్లీ ఎనిమిది సెంటీమీటర్ల ఫోమ్ పెట్టాలి. ఆచారి ఆదివారం వస్తానన్నాడు, అప్పటిదాకా కుర్చీ ఇక్కడే ఉంటుంది.