చివరి అంకె కాదు, మొదటి అంకె చూడండి: చెన్నై నుంచి తిరిగేవాళ్ళకి ఆల్-ఇన్-వన్ జూమ్ లెన్స్

మహాబలిపురంలో అర్జున తపస్సు శిల్పం ఎదురుగా నిలబడండి. సుమారు 29 మీటర్ల పొడవు, 13 మీటర్ల ఎత్తు. ఆ రాతి గోడంతా ఒక్క ఫొటోలో పట్టాలంటే 28 ఎంఎం దగ్గర 22, 23 మీటర్లు వెనక్కి జరగాలి. (లెన్స్ మీది ఎంఎం అంకె చిన్నదైతే వెడల్పైన దృశ్యం పడుతుంది, పెద్దదైతే దూరపు వస్తువు దగ్గరగా వస్తుంది.) ఆ శిల్పంలోనే పెద్ద ఏనుగు కాళ్ళ దగ్గర వెనక కాళ్ళ మీద నిలబడి, చేతులు పైకెత్తి దొంగ జపం చేసే పిల్లి ఒకటుంది, దాని చుట్టూ ఎలుకలు. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా ఆ పిల్లిని ఫ్రేమ్ నిండా తేవాలంటే 200 ఎంఎం పైనే కావాలి. గోడా, పిల్లీ రెండూ ఒకే లెన్స్‌తో, లెన్స్ ఊడదీయకుండా తీయడమే ఆల్-ఇన్-వన్ జూమ్ పని. దాని నుంచి అంతకు మించి ఆశిస్తే నిరాశే.

బరువు తగ్గుతుందని చాలామంది వీటిని కొంటారు. అది సగం అబద్ధం. సోనీ కెమెరాతో వచ్చిన మొదటి తరం 16-50 కిట్ లెన్స్ 116 గ్రాములు, 55-210 లెన్స్ 345 గ్రాములు. రెండూ కలిపితే 461. వాటి బదులు పెట్టే టామ్రాన్ 18-300 ఒక్కటే 620 గ్రాములు. అంటే బ్యాగు బరువు పెరుగుతుంది, మెడ మీద బరువు ఇంకా పెరుగుతుంది. తగ్గేది లెన్స్ మార్చే అవస్థ. సముద్రపు గాలిలో, తీర దేవాలయం పక్కన ఇసుక ఎగురుతుంటే కెమెరా నోరు తెరిచి సెన్సార్‌ని గాలికి పెట్టడం ఎంత చెడ్డపనో ఒకసారి సెన్సార్ శుభ్రం చేయించుకున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఇక అంకెల సంగతి. పెట్టె మీద 18-300 అని ఉంటే అందరి కళ్ళూ 300 మీదే పడతాయి. దుకాణంలో '16 ఎక్స్' అంటారు. 300ని 18తో భాగిస్తే వచ్చేదే అది, ఆ లెన్స్ లోపల ఎంత సాగుతుందో చెబుతుందే గానీ దూరంలో ఉన్న వస్తువు ఎంత పెద్దగా కనిపిస్తుందో చెప్పదు. మన వైపు ప్రయాణాలకి అసలు తేల్చుకోవలసింది మొదటి అంకె. ఎందుకంటే మన గుళ్ళు ఇరుకు వీధుల్లో ఉంటాయి.

మైలాపూర్ కపాలీశ్వరర్ గుడి తూర్పు గోపురం ఎత్తు సుమారు 37 మీటర్లు. కెమెరాని నిలువుగా, పైకి వంచకుండా పట్టుకుని గోపురాన్ని కలశాలతో సహా పట్టాలంటే ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ అంత పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా) మీద 28 ఎంఎంకి 55 మీటర్ల దూరం కావాలి. 24 ఎంఎంకి 47 చాలు. ఆ వీధిలో ఆటోలూ పూలబండ్లూ ఉండగా ఎనిమిది మీటర్లు వెనక్కి వెళ్ళడమంటే మాటలు కాదు. దగ్గర నుంచే తీద్దామని కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలిపోయినట్టు వస్తుంది. దాన్ని కంప్యూటర్లో నిటారు చేస్తే ఫొటో అంచులు కత్తిరించుకుపోతాయి, మళ్ళీ కలశాలే పోతాయి.

కాబట్టి లెక్క ముందే వేసుకోండి. ఏపీఎస్-సి, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్ ఉన్న కెమెరాల్లో లెన్స్ మీద అంకెని సోనీ, నికాన్, ఫుజీలకి 1.5తో, కెనన్‌కి 1.6తో హెచ్చించాలి. 18 అంటే 27 లేదా 29. గోపురానికి ఇది బొటాబొటీ. 2025లో వచ్చిన సిగ్మా 16-300 సోనీ, ఫుజీ మీద 24తో మొదలవుతుంది. ఆ రెండు ఎంఎంల తేడా, 300 బదులు 400 అయితే వచ్చే తేడా కన్నా గుళ్ళ దగ్గర ఎక్కువ పనికొస్తుంది. బదులుగా చివర ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/6.3 కాకుండా ఎఫ్/6.7 అవుతుంది. ఆ నష్టం పెద్ద లెక్కలోది కాదు.

మరి చివరి అంకె ఎప్పుడు కావాలి? పులికాట్ సరస్సులో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడవ మీద వెళ్తే రాజహంసలు (ఫ్లెమింగోలు) కనిపిస్తాయి. నాలుగడుగుల పైచిలుకు ఎత్తున్న పక్షి వంద మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఏపీఎస్-సి మీద 300 ఎంఎంకి అది ఫ్రేమ్ ఎత్తులో పావు వంతు ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 200 ఎంఎంకి తొమ్మిదో వంతు, అంటే గులాబీ రంగు చుక్క. పక్షుల కోసమే వెళ్తే 300 కూడా చాలదు, అది వేరే లెన్స్ పని. గుంపుని నీళ్ళతో, ఆకాశంతో కలిపి తీయాలనుకుంటే మాత్రం 300 దివ్యంగా సరిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తీర్పు మాటిమాటికీ వినబడుతుంది: '300 దగ్గర లెన్స్ మెత్తగా ఉంది, అసలు షార్ప్ లేదు' అని. ఉదయం తొమ్మిదిన్నర, పది దాటాక ఉప్పునీటి మీద నుంచి వేడి గాలి లేస్తుంటే ఏ లెన్సైనా అలాగే తీస్తుంది. పక్షి అంచులు నీళ్ళలో చూసినట్టు వంకరగా వస్తే అది ఎండ పని. ఫొటో అంతా ఒకే వైపుకి చెదిరినట్టుంటే చేతి వణుకు. మొత్తం సమానంగా మసకగా ఉంటేనే లెన్స్‌ని అనుమానించాలి. 300 దగ్గర షట్టర్ (తెరిచి ఉండే సమయం) కనీసం 1/500 సెకను, ఎగిరే పక్షికి 1/1600. పిల్లలు అలలతో ఆడుతుంటే లెన్స్‌లో వణుకు ఆపే మోటార్ ఎంత గొప్పదైనా లాభం లేదు, అది మీ చేతిని ఆపుతుందే గానీ పిల్లల్ని ఆపదు.

ఈ లెన్సులన్నిటికీ ఉన్న అసలు బలహీనత వెలుతురు. ఎఫ్/3.5, ఎఫ్/4 అని మొదలై జూమ్ చేసేకొద్దీ నోరు ముడుచుకుంటుంది. నికాన్ జెడ్ 24-200 అయితే 85 ఎంఎంకే ఎఫ్/6.3కి చేరిపోతుంది, 200 దాకా వెళ్ళనక్కర్లేదు. సోనీ ఫుల్ ఫ్రేమ్‌కి టామ్రాన్ చేసిన 28-200 దీనికి చాలావరకు మినహాయింపు: 28 దగ్గర ఎఫ్/2.8, 54 నుంచి 77 దాకా ఎఫ్/4, 147 దాటాకే ఎఫ్/5.6. సాయంత్రం మెరీనా మీద మొక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర ఈ తేడా కళ్ళకి కనబడుతుంది. గుడి మండపం లోపల మాత్రం ఏ సూపర్ జూమూ గట్టెక్కదు. ఎఫ్/6.3 కన్నా ఎఫ్/1.8 పన్నెండు రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. అదే చీకట్లో 1/10 సెకను పట్టే చోట 1/125 సరిపోతుంది. అందుకే ఆల్-ఇన్-వన్ జూమ్ కొనేవాళ్ళకి మా సలహా వింతగా ఉంటుంది: దానితో పాటు ఒక చిన్న ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కూడా కొనండి. కెనన్ ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.8 బరువు 160 గ్రాములు, నికాన్ జెడ్ 40 ఎఫ్/2 170 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. గుళ్ళోకి వెళ్ళేముందు, గాలి లేని చోట ఒక్కసారి మార్చుకుంటే చాలు.

ఏ కెమెరాకి ఏది? సోనీ, ఫుజీ ఏపీఎస్-సి వాళ్ళకి టామ్రాన్ 18-300, 2021 నుంచి ఉంది, నమ్మకంగా తీసుకోవచ్చు. ఫిల్టర్ సైజు 67. దగ్గరి ఫోకస్ దీని ప్రత్యేకత: 18 దగ్గర 15 సెంటీమీటర్లు, 300 దగ్గర 99. కానీ ఆ 15 సెంటీమీటర్లు సెన్సార్ నుంచి కొలిచినవి. లెన్స్ పొడవే పన్నెండున్నర, దానికి తోడు కెమెరా లోపలి దూరం. మిగిలేది సెంటీమీటరుకి లోపే. కాఫీ గ్లాసు మీద నురగ తీద్దామంటే లెన్స్ నీడే దాని మీద పడుతుంది. ముందు హుడ్ (ఎండ పడకుండా తొడిగే గొట్టం) ఉంటే నురగకే తగులుతుంది. 300కి తిప్పి, మీటరు దూరం నుంచి తీయండి, అక్కడ అసలు సైజులో నాలుగో వంతు వస్తుంది, మల్లెమొగ్గల దండకి అది ఎక్కువే.

కెనన్ ఆర్50, ఆర్10 ఉన్నవాళ్ళు ఆర్ఎఫ్-ఎస్ 18-150 (310 గ్రాములు), నికాన్ జెడ్50, జెడ్ఎఫ్‌సి ఉన్నవాళ్ళు 18-140 (315 గ్రాములు) చూసి, ఇవి ఎందుకు చాలవో తమని తాము గట్టిగా ప్రశ్నించుకోవాలి. సగం బరువు. నూటికి తొంభై ప్రయాణ ఫొటోలు 150 లోపే వస్తాయన్నది మా పందెం. ఈ నాలుగు కెమెరాల బాడీలో వణుకు ఆపే ఏర్పాటు లేదు, కాబట్టి అది లెన్స్‌లో ఉండి తీరాలి. ఈ రెండిట్లోనూ ఉంది. టామ్రాన్ 28-200లో లేదని గుర్తుపెట్టుకోండి. దాన్ని బాడీలో ఆ ఏర్పాటున్న కెమెరాకే పెట్టాలి.

నికాన్ ఫుల్ ఫ్రేమ్‌కి 24-200, 570 గ్రాములు. ఈ తరగతిలో మాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, పైన చెప్పిన వెలుతురు లోపంతో సహా. 28-400 కూడా ఉంది గానీ 400 దగ్గర ఎఫ్/8, 725 గ్రాములు, పైగా 28తో మొదలు. గోపురం లెక్క ఒకసారి మళ్ళీ చూసుకోండి. కెనన్ ఆర్ఎఫ్ 24-240 బరువు 750 గ్రాములు. 24 దగ్గర దాని రా ఫైలుని (కెమెరా దిద్దని ముడి ఫొటోని) దిద్దుబాటు లేని సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మూలలు నల్లగా, గీతలు పీపాలా ఉబ్బి కనిపిస్తాయి. కంగారు పడకండి. సాఫ్ట్‌వేర్ దిద్దుతుందనే ధీమాతోనే ఆ లెన్స్‌ని అలా చేశారు. జేపెగ్‌లో కెమెరానే దిద్దేస్తుంది.

సోనీ ఫుల్ ఫ్రేమ్ వాళ్ళు పొరపాటున 18-300 కొనకండి. మౌంట్ (కెమెరాకి లెన్స్ బిగించే వలయం) ఒకటే, చక్కగా బిగుస్తుంది. కానీ బొమ్మ సెన్సార్ మధ్య భాగం మీదే పడుతుంది, 24 మెగాపిక్సెల్ కెమెరా పదికి దిగిపోతుంది. వాళ్ళకి టామ్రాన్‌వే 28-200, లేదా 2025లో వచ్చిన 25-200 ఉన్నాయి. ఆ మూడు ఎంఎంలు ఎందుకు తగ్గించారో మైలాపూర్ వీధిలో నిలబడితే తెలుస్తుంది.

దుకాణంలో పరీక్ష చేయకుండా కొనొద్దు. ఇలాంటి లెన్సుల్లో గాజులు ఎక్కువ, కదిలే భాగాలు ఎక్కువ, కాబట్టి ఒకే మోడల్లో ఒకటి బాగుండి ఇంకొకటి బాగుండకపోవడం మామూలే. కెమెరాని కౌంటర్ మీద గట్టిగా ఆనించి, ఎదుటి గోడనో టైల్స్‌నో సూటిగా చూపించి, రెండు సెకన్ల టైమర్‌తో 18, 50, 135, 300 దగ్గర ఒక్కో ఫొటో, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. నాలుగూ సమానంగా మెత్తగా ఉంటే అది ఆ డిజైన్ లక్షణం, ఎఫ్/8కి వెళ్తే సర్దుకుంటుంది. కుడి మూల పదునుగా ఉండి ఎడమ మూల మసకగా ఉంటే లోపల గాజు పక్కకి జరిగింది. అలాంటిది ఎఫ్ అంకె పెంచినా పూర్తిగా సర్దుకోదు, ఇంకో పీస్ అడగండి. తరవాత లెన్స్‌ని నేలవైపు వేలాడదీసి ఊపండి. దానంతట అదే కిందికి జారి సాగుతుంటే ముందుముందు ఇంకా జారుతుంది. లాక్ మీట ఉంటే నడిచేటప్పుడు వేసి ఉంచాలి.

చవక యూవీ ఫిల్టర్ 18 దగ్గర పెద్దగా చెడు చేయదు, 300 దగ్గర మాత్రం మొత్తం పదునుని తినేస్తుంది. పోలరైజర్ (నీటి మెరుపుని తగ్గించే ఫిల్టర్) ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు, అంటే సగం నుంచి ముప్పావు వంతు మింగుతుంది, ఎఫ్/6.3 లెన్స్ మీద సాయంత్రం నాలుగున్నర తరవాత అది అనవసరం.

చివరిగా చెన్నై తేమ. జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం సాగుతూ ముడుచుకుంటూ బయటి గాలిని లోపలికి పీలుస్తుంది, సైకిల్ పంపులాగా. వాతావరణ రక్షణ రబ్బరు వాన చుక్కల్ని ఆపుతుంది, తేమ గాలిని ఆపదు. ఏసీ కారులోంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) బీచ్‌లో దిగగానే గాజు మీద ఆవిరి పట్టేది, చల్లబడ్డ గాజుకి ఆ తేమ గాలి తగలడం వల్ల. కారు ఆగకముందే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేసి, దిగాక అరగంట ఆగి తీయండి. ఇంటికొచ్చాక ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదాలి, తరవాతే తడిగుడ్డ. ఇసుక ఉండగా తుడిస్తే గీతలే.

నిలవ పెట్టడానికి డ్రై క్యాబినెట్ లేకపోయినా ఫరవాలేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్, రిచీ స్ట్రీట్‌లో దొరికే చిన్న తేమ మీటరు చాలు. మీటరు 40కీ 50కీ మధ్య ఉండాలి. 60 దాటితే బూజుకి పండగ, 30 కంటే తగ్గితే రబ్బరు ఎండిపోతుంది. సిలికా జెల్ నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు వేయించి మళ్ళీ వాడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రతి రెండు వారాలకీ ఒకసారి మీటరు చూడాలి. తోలు బ్యాగులోనూ బీరువాలోనూ మూటగట్టి దాచిన లెన్స్‌కే ముందు బూజు పడుతుంది.

సెకండ్ హ్యాండ్ కొంటే ఫోన్ టార్చ్‌ని వెనక గాజు వైపు నుంచి వేసి ముందు నుంచి చూడండి, 18 దగ్గర ఒకసారి, 300 దగ్గర ఒకసారి. దుమ్ము చుక్కలు కనిపిస్తాయి, వాటితో ఫొటోకి ఏమీ కాదు, బేరానికి మాత్రం పనికొస్తాయి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు.