తొమ్మిదో తరగతిలో వన్‌నోట్ క్లాస్ నోట్‌బుక్: ఏడాది వాడిన తరువాత నా సమీక్ష

తిరుపతిలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతున్నాను. మా బడిలో చదివి స్థిరపడిన పూర్వ విద్యార్థులు 22 ట్యాబ్‌లు కొని ఇవ్వడంతో, 42 మంది పిల్లలున్న తొమ్మిదో తరగతిలో గత జూన్ నుంచి ఏప్రిల్ దాకా మైక్రోసాఫ్ట్ వారి వన్‌నోట్ క్లాస్ నోట్‌బుక్‌ను, అంటే తెర మీద రాసే, గీసే తరగతి నోటుపుస్తకాన్ని, వాడి చూశాను. చంద్రగిరి, పాకాల వైపు బడుల్లో పనిచేసే తోటి ఉపాధ్యాయులు ఇది నిజంగా పనికొస్తుందా అని పదేపదే అడుగుతున్నందున, నా అనుభవాన్ని దాచకుండా రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. పిల్లల చేత నోట్సు రాయించడానికే అయితే ఈ ఖర్చు, ఈ శ్రమ అక్కరలేదు. కానీ పిల్లలు రాసినదాన్ని, గీసినదాన్ని వేళకు దిద్దడానికి దీనికి సాటి వచ్చే సాధనాన్ని నా పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు.

దిద్దుబాటు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 42 నోటుపుస్తకాలను కట్టగట్టి స్కూటరు మీద పెట్టుకుని ఇంటికి తీసుకువెళ్లి, రాత్రి వంట పని ముగిసిన తరువాత రోజుకు పది చొప్పున దిద్దితే, చివరి పుస్తకం పిల్లవాడి చేతికి అయిదో రోజున గాని చేరదు. ఆ లోగా పాఠం ముందుకు వెళ్లిపోతుంది. ఎర్రసిరాతో నేను పెట్టిన గుర్తును పిల్లలు చూస్తారే తప్ప, తప్పు ఎందుకు జరిగిందో ఆలోచించే ఆసక్తి అప్పటికి వారిలో మిగలదు. జీవశాస్త్రంలో ఈ ఆలస్యం మరీ నష్టం చేస్తుంది, ఎందుకంటే ప్రశ్నపత్రంలో 'పటం గీసి భాగాలు గుర్తించండి' అన్న ప్రశ్న తప్పనిసరిగా ఉంటుంది, ఒకసారి తప్పుగా అలవాటైన పటం చేతిని వదలదు.

క్లాస్ నోట్‌బుక్ అమరిక తేలికగానే అర్థమవుతుంది. ఒకే పుస్తకంలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిదైన కంటెంట్ లైబ్రరీలో ఉపాధ్యాయులు మాత్రమే రాయగలరు, పిల్లలు చదివి తమ పుస్తకంలోకి నకలు తీసుకోగలరు. రెండోదైన కొలాబరేషన్ స్పేస్‌లో తరగతిలోని అందరూ కలిసి రాయవచ్చు. మూడోది ప్రతి విద్యార్థికీ విడిగా ఉండే సొంత పుస్తకం. దాన్ని ఆ విద్యార్థి, ఉపాధ్యాయులు తప్ప తోటి పిల్లలెవరూ తెరవలేరు. నేను తయారుచేసిన ఒక పేజీని ఒకే నొక్కుతో తరగతిలోని అందరి పుస్తకాల్లోకి పంపే సదుపాయం, ఆ పేజీని పిల్లల పేర్ల వరుసలో ఒక్కొక్కటిగా తెరిచి చూసే సదుపాయం కూడా ఇందులో ఉన్నాయి. నా పని అంతా ఈ చివరి రెండింటి మీదే నడిచింది. గూగుల్ క్లాస్‌రూమ్‌లోనూ ఒక్కో విద్యార్థికి ఒక్కో నకలు పంపవచ్చు గాని, అక్కడి డాక్స్ పేజీ ప్రధానంగా టైపు చేసేవారి కోసం తయారైనది. చేత్తో గీసే పటం లేకుండా జీవశాస్త్రం సాగదు కనుక నేను వన్‌నోట్ వైపు మొగ్గాను.

ఉల్లిపొర ప్రయోగం రోజున ఈ పుస్తకం విలువ నాకు పూర్తిగా తెలిసింది. మా ప్రయోగశాలలో ఆరు సూక్ష్మదర్శినులు ఉన్నాయి. పిల్లలు జట్లుగా ఉల్లిపాయ పొరను ఒలిచి, స్లైడు మీద నీటి బొట్టులో పరిచి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, కవర్ స్లిప్ అనే పలుచని గాజు ముక్క మూసి చూశారు. నేను ఫోను కెమెరాను అక్షి కటకానికి ఆనించి ప్రతి జట్టు స్లైడునూ ఫొటో తీసి కొలాబరేషన్ స్పేస్‌లో పెట్టాను. పిల్లలు తమ జట్టు ఫొటోను సొంత పేజీలోకి తెచ్చుకుని, పక్కనే పటం గీయడం మొదలుపెట్టారు. నా ల్యాప్‌టాప్‌లో పేర్ల వరుసన పేజీలు తిప్పుతుండగా, ట్యాబ్ మీద గీస్తున్న 21 మందిలో ఏడుగురు ఒకే తప్పు చేస్తున్నట్టు కనిపించింది. కణాల నడుమ నల్లని మందపాటి అంచుతో నిండు గుండ్రంగా ఉన్న ఆకారాన్ని గీసి, దానికి బాణం గుర్తు పెట్టి 'కేంద్రకం' అని రాశారు. అది కేంద్రకం కాదు, కవర్ స్లిప్ కింద చిక్కుకున్న గాలి బుడగ. అసలు కేంద్రకం కణం అంచుకు ఒదిగి, రంగు పీల్చుకుని, చిన్న ఎర్రని చుక్కలా ఉంటుంది.

వెంటనే అందరినీ ఆపి, ఒక ఫొటోను ఇంటరాక్టివ్ ప్యానెల్ మీద పెద్దది చేసి చూపించాను. "ఈ గుండ్రనిది రెండు కణాల గోడల మీదుగా పోతా ఉంది కదా, కేంద్రకమైతే అట్ల పోతుందా?" అని అడగగానే వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "బుడగ మేడం!" అని అరిచింది. స్లైడులు ఇంకా తడిగానే ఉన్నాయి. కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి, సూదితో ఏటవాలుగా మెల్లగా దించితే బుడగలు రావని చెప్పి మళ్లీ చేయించాను. అంతకుముందు ఏడాది ఇదే పాఠంలో ఇదే తప్పును నేను తెల్ల నోటుపుస్తకాల్లో కనిపెట్టే సరికి అయిదు రోజులు గడిచాయి, స్లైడులు ఎండిపోయాయి, పిల్లలకు చూపించడానికి బుడగ కూడా మిగల్లేదు. ఆ రెండు సంవత్సరాలకూ మధ్య ఉన్న తేడాయే ఈ పుస్తకానికి నేనిచ్చే విలువ.

ఇక కష్టాల సంగతి. మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టినవి నోటుబుక్కు కాదు, పెన్నులు. నగరంలోని ఒక దుకాణదారు మాటలు నమ్మి రబ్బరు మొన ఉన్న చవక పెన్నులు తెచ్చాము. అటువంటి పెన్ను ట్యాబ్‌కు వేలితో సమానం. తెర మీద ఆనుతున్నది పెన్ను మొనో, పిల్లవాడి అరచేయో అది పోల్చుకోలేదు. గీత గీస్తున్నంతసేపూ అరచేయి ఆనిన చోటల్లా పిచ్చి గీతలు పడేవి. ఒక అమ్మాయి చున్నీ కొంగును నాలుగు మడతలు వేసి చేతి కింద పెట్టుకుని, గీతలు పడకుండా కణ కవచం మొత్తం గీసి చూపించింది. మందపాటి గుడ్డ అడ్డు ఉంటే తెర చేతిని గుర్తించదని తనంతట తానే కనుక్కున్న ఆ పిల్ల తెలివిని తరగతి అంతటి ముందు మెచ్చుకున్నాను గాని, నలభై మంది పిల్లలు ఏడాది పొడవునా అలా గీయవలసిరావడం న్యాయం కాదు. రెండు నెలలకే రబ్బరు మొనలు చిరిగాయి, దుకాణంలో మార్చి ఇవ్వలేదు. సొంత సంకేతాన్ని పంపే పెన్ను అయితే ట్యాబ్ దాన్ని విడిగా గుర్తించి అరచేతిని పట్టించుకోదు. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ వంటి వాటితో పెట్టెలోనే అటువంటి పెన్ను వస్తుంది, దానికి చార్జింగ్ కూడా అక్కరలేదు. 22 మామూలు ట్యాబ్‌లకన్నా పెన్నుతో వచ్చే 12 ట్యాబ్‌లు మేలని ఇప్పుడు నేను నిస్సంకోచంగా చెప్పగలను.

ఇద్దరికి ఒక ట్యాబ్ కావడం మరో చిక్కు. మొదట్లో జంటకు ఒక ఖాతా ఇచ్చాము. ఏ రాత ఎవరిదో తెలియక, దిద్దినది ఎవరికి చెందుతుందో అర్థంకాక నెల రోజుల్లోనే ఆ పద్ధతి మానేశాము. తరువాత ప్రతి విద్యార్థికీ విడి ఖాతా ఇచ్చి, ఒక రోజు సరిసంఖ్య రోల్ నంబర్లవారు ట్యాబ్ మీద, బేసిసంఖ్యవారు తెల్ల పుస్తకంలో, మరునాడు అటుదిటుగా రాయించాము. ఒక శుక్రవారం గంట కొట్టగానే నేను తొందరపడి ట్యాబ్‌లన్నీ ఆపించి బీరువాలో పెట్టించాను. సోమవారం పిల్లలు వేరే వేరే ట్యాబ్‌లు తీసుకుని తెరిస్తే, కొందరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇంటర్నెట్ అందనప్పుడు రాసినది ఆ ట్యాబ్‌లోనే నిలిచి ఉండి, మళ్లీ అందినప్పుడు పైకి చేరుతుంది. మా బడి బ్రాడ్‌బ్యాండ్ ఆ శుక్రవారం నెమ్మదిగా ఉంది, చేరేదాకా నేను ఆగలేదు. పాత ట్యాబ్‌లను వెతికి తెరవగానే రాతలన్నీ దొరికాయి గాని, ఒక పీరియడ్ అంతా అందుకే పోయింది. అప్పటి నుంచి ట్యాబ్‌ల వెనుక అంకెలు అతికించి ఎవరిది వారికే ఇస్తున్నాము, చివరి అయిదు నిమిషాలు ఆన్‌లో ఉంచుతున్నాము.

కొలాబరేషన్ స్పేస్‌ను జాగ్రత్తగా వాడాలి. అలిపిరి నడకదారి పక్కన చెట్ల ఆకులు పరిశీలించడానికి పిల్లలను తీసుకువెళ్లి, వేప, నేరేడు, ఎర్రచందనం ఆకుల వివరాలను అందరూ ఒకే పేజీలో చేర్చమన్నాను. ఎర్రచందనం ఆకులో సాధారణంగా మూడు పత్రకాలు (చిన్న ఆకులు) ఉంటాయని, ఈ చెట్టు సహజంగా పెరిగేది మన శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల దక్షిణ భాగంలోనేనని, శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారని పిల్లలు చక్కగా సేకరించారు. కానీ అందరూ రాయగలిగిన చోట అందరూ చెరపనూగలరు. ఒకరు ఫొటో జరపబోయి మరొకరి పేరా తుడిచేశారు. పేజీ పాత రూపాలను తెరిచి దాన్ని వెనక్కి తెచ్చుకోగలిగాను. జట్టుకు ఒక విభాగం చొప్పున వేరు చేసిన తరువాత ఆ గొడవ తగ్గింది.

తెలుగులో రాయడం గురించి అడిగేవారు ఎక్కువ. కీబోర్డు మీద మా పిల్లలు 'ప్రోకార్యోటిక్' వంటి మాటను టైపు చేయడానికి పట్టే సమయంలో చేత్తో ఒక వాక్యం రాసేస్తారు. అందువల్ల నేను శీర్షికలు, తేదీలు తప్ప మిగతాది టైపు చేయించలేదు. 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు చేసిన అధ్యయనంలో, ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్న విద్యార్థులు విన్న మాటలను ఉన్నదున్నట్టు దించుకోవడానికే మొగ్గారని, ఆలోచించి జవాబివ్వవలసిన ప్రశ్నల్లో చేత్తో రాసినవారికంటే వెనుకబడ్డారని తేలింది. తరువాత ఇతరులు ఆ అధ్యయనాన్ని మళ్లీ చేసి చూసినప్పుడు తేడా అంత బలంగా కనిపించలేదు గాని, దించుకోవడమనే అలవాటును నా తరగతిలో నేనూ గమనించాను. పైగా పదో తరగతిలో 50 మార్కుల జీవశాస్త్రం పేపరును పిల్లలు కాగితం మీద, పెన్నూ పెన్సిలూ పట్టుకునే రాయాలి. తెర మీద తప్పు గీతను ఒక్క నొక్కుతో తీసేయడం అలవాటైన చేయి, కాగితం మీద పెన్సిల్‌తో గీసేటప్పుడు తడబడటం డిసెంబరు పరీక్షల్లో స్పష్టంగా కనిపించింది. జనవరి నుంచి తెర మీద దిద్దుకున్న ప్రతి పటాన్నీ తెల్ల పుస్తకంలో మరొకసారి గీయించాను. ఇది అదనపు పనే, కానీ తప్పనిసరి పని.

తల్లిదండ్రుల అనుమానాలు సహజమైనవి. "మావాడు రాస్తా ఉండాడా, ఆడుకుంటా ఉండాడా మేడం?" అని ఒక తల్లి పేరెంట్స్ మీటింగులో నన్ను నేరుగా అడిగింది. ఆమె కొడుకు పుస్తకాన్ని అక్కడే తెరిచి, ఉల్లిపొర పేజీలో మొదటి పటం, దాని మీద నా ఎర్ర గుర్తు, కింద వాడు మళ్లీ గీసిన పటం చూపించాను. ఆమె చాలాసేపు ఆ రెండు పటాలనూ మార్చి మార్చి చూసి, "ఇది ఇంట్లో కూడా చూసుకోవచ్చునా?" అని అడిగింది. కొడుకు ఖాతాతో ఫోనులో తెరుచుకోవచ్చని చెప్పి, ఎలాగో చూపించాను. ఖాతాలు తెరవడానికి ముందే అందరి తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాము. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగా పరిగణించి, వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతోంది. ఆ సమ్మతిని ఏ బడీ తేలికగా తీసుకోకూడదు.

ఖర్చు విషయానికి వస్తే, వన్‌నోట్ ఉచితం. విద్యాసంస్థేనని నిర్ధారణ అయిన బడులకు మైక్రోసాఫ్ట్ వారి ఆఫీస్ 365 ఎ1 ఖాతాలు కూడా ఉచితంగానే ఇస్తారు. డబ్బంతా ట్యాబ్‌లకు, పెన్నులకు, ఇంటర్నెట్‌కు అవుతుంది. పటాలు, గ్రాఫులు, లెక్కలు ఉండే సబ్జెక్టుల వారికి దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. పాఠాన్ని చెప్పి రాయించడమే ప్రధానమైన చోట దీని అవసరం నాకు కనిపించలేదు. మొదలుపెట్టదలచినవారు ఒకే తరగతితో, ఒకే సబ్జెక్టుతో మొదలుపెట్టండి. జూన్ 12న బడులు తెరిచేలోపు ఖాతాల పని ముగించి, ట్యాబ్‌లకు అంకెలు అతికించి, ప్రతి పెన్నునూ దుకాణంలోనే అరచేయి తెర మీద పూర్తిగా ఆనించి గీసి చూసిన తరువాతే కొనండి.