రెండో అంచె లీగ్: అప్పటిదా, ఇప్పటిదా?

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం వైపు ఫుట్‌బాల్ పట్టుకుని వెళ్లే కుర్రాళ్లకు మన దేశపు రెండో అంచె లీగ్ (అగ్ర లీగ్‌కు ఒక మెట్టు కిందిది) అప్పటికీ ఇప్పటికీ ఎలా మారిందో తెలియాలి. 2008లో మొదలైన ఐ-లీగ్ రెండో డివిజన్‌లో గెలిస్తే అప్పటి అగ్ర లీగ్ ఐ-లీగ్‌లో చోటు దక్కేది. మిజోరం కొండల జట్టు ఐజ్వాల్ 2015లో అలాగే పైకొచ్చింది. మరుసటి సీజన్‌లో దిగజారినా మళ్లీ అవకాశం దొరికింది. 2016-17లో ఏకంగా ఐ-లీగ్ విజేతగా నిలిచింది! డబ్బున్న క్లబ్బులన్నీ వెనకబడ్డాయి.

2022-23లో ఐ-లీగే రెండో అంచె అయింది, దాని పైన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్). 2023లో పంజాబ్, 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వెళ్లాయి. మన హైదరాబాద్ శ్రీనిధి దక్కన్ మాత్రం ఆ రెండు సీజన్లలోనూ రెండో స్థానంలోనే ఆగింది (ఎంత బాధ!). విజేతకే తలుపు తెరుచుకుంది.

పోటీ ఇప్పుడే గట్టిది. అయినా నా ఓటు పాతదానికే: చిన్న జట్టు రెండేళ్లలో కిరీటం అందుకున్నది అప్పుడే.