ఏ రూపాయల్లోనో ముందే తేల్చుకోండి: సునౌలీ మీదుగా నేపాల్‌కు కారులో

విజయవాడ నుంచి నాగపూర్, జబల్పూర్, ప్రయాగరాజ్ మీదుగా గోరఖ్‌పూర్ చేరేవరకు టోల్‌గేట్లు తప్ప చెప్పుకోదగినదేమీ లేదు. అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో సునౌలీ. లారీల బారు పక్కనుంచి మెల్లగా వెళ్లి ద్వారం దాటితే నేపాల్ వైపు ఊరు బెలహియా.

మనకు వీసా అక్కరలేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. కారుకు మాత్రం భన్సార్, అంటే కస్టమ్స్ సుంకం, ఎన్ని రోజులుంటామో చెప్పి ముందే కట్టాలి. కారు ఆపీ ఆపకముందే ఒక దళారీ అద్దం తట్టి, సుంకం కాక తన చేతికి 1,500 రూపాయలిస్తే పని అయిపోతుందన్నాడు. అక్కరలేదని ఆర్‌సీ, లైసెన్సు పట్టుకొని కిటికీ దగ్గర నిలబడితే మా పని సాఫీగానే అయింది. రసీదు మీద తేదీలు మన లెక్కకు సుమారు 57 ఏళ్లు ముందుండే విక్రమ శకంలో ఉంటాయి. గడువు దాటితే జరిమానా పడుతుంది కనుక, తిరిగి రావలసిన తేదీని పక్కనే మన లెక్కలో రాయించుకోవడం మంచిది.

అసలు బాధ సరిహద్దు దాటగానే వచ్చే ఊరు భైరహవాలో దిగిన లాడ్జితో. కౌంటరు వెనుక బోర్డు మీద గది అద్దె 2,400 అని ఉంది. నేపాల్‌లో నేపాలీ రూపాయలే కదా అని రెండు గదులు తీసుకున్నాం. వంద భారతీయ రూపాయలకు 160 నేపాలీ రూపాయలన్న మారకం 1993 నుంచి స్థిరంగా ఉంది కాబట్టి గదికి మన డబ్బులో 1,500 కావాలి. తెల్లవారి ఖాళీ చేసేటప్పుడు గుమాస్తా ‘ఐసీ’ అన్నాడు, అంటే ఇండియన్ కరెన్సీలో 2,400. గదికి 900 చొప్పున 1,800 రూపాయలు అదనం! బోర్డు చూపిస్తే అది స్థానికుల రేటన్నాడు. రెండు మెతుకులు ఆలస్యమైతేనే చిరాకుపడే మా బావగారు, ఆ ఉదయం కాఫీ కూడా దొరకని కోపంలో, అచ్చు బిల్లు ఇస్తే అడిగినంతా ఇస్తానని పట్టుబట్టారు. బిల్లు పుస్తకం బల్ల మీదే ఉన్నా దాని జోలికి పోకుండా, తేదీ గానీ లాడ్జి పేరు గానీ లేని తెల్ల చీటీ మీద ఒక అంకె గీసి ఇచ్చాడు. పిల్లలు కారెక్కి కూర్చున్నారు, సామాను వాళ్ల వరండాలో ఉంది, కట్టక తప్పలేదు. ఇకమీదట నేను గది చూడకముందే ఐసీయా, ఎన్‌సీయా (నేపాలీ కరెన్సీయా) అని అడిగి, అంకెను కాగితం మీద రాయించుకుంటాను.

బావగారిని మళ్లీ మనిషిని చేసింది లుంబినీ దారిలోని చిన్న భోజనశాల. కంచు పళ్లెంలో అన్నం, నల్ల మినప్పప్పు, ఆవాకు కూర, ముల్లంగి పచ్చడి, ఎండబెట్టిన ఆకుతో చేసే పుల్లటి గుంద్రుక్. అన్నం, పప్పు అడిగినన్నిసార్లు వడ్డించి 320 నేపాలీ, అంటే సరిగ్గా 200 రూపాయలు తీసుకున్నారు. గుంటూరు నుంచి తెచ్చుకున్న కారప్పొడి డబ్బా మూత తీయలేదంటే రుచి ఊహించుకోవచ్చు.

లుంబినీలో 1896లో బయటపడిన అశోక స్తంభం దగ్గర, అమరావతి స్తూపాన్ని చూస్తూ పెరిగిన మాకు పరాయి దేశమనిపించలేదు. రాత్రికి అక్కడే దిగిన లాడ్జివారు 1,920 నేపాలీ, 1,200 భారతీయ అని రెండు లెక్కలూ ముందే చెప్పారు. భైరహవాలో ఆగకుండా, మరో పాతిక కిలోమీటర్లు ఓపిక పట్టి నేరుగా లుంబినీకే వెళ్లండి.