ఏసీ బ్లోయర్ హై స్పీడులో, టెంపరేచర్ 26లో: కొన్ని వేసవుల వాడకం తర్వాత నా సమీక్ష

మాది విజయవాడలో పై అంతస్తు ఇల్లు. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా వేడి వదులుతూనే ఉంటుంది. పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఐదు స్టార్ల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ ఉంది. కొన్ని వేసవులుగా అదే వాడుతున్నాం. ఏ కంపెనీ మంచిదని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, కొన్న ఏసీని ఎలా నడపాలో అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈ సమీక్ష కంపెనీ గురించి కాదు, రిమోట్ మీద ఫ్యాన్ బొమ్మ ఉండే ఒకే ఒక్క బటన్ గురించి. అది మార్చేది బ్లోయర్ వేగాన్ని, అంటే లోపలి యూనిట్‌లో గదిలోకి గాలి తోసే ఫ్యాన్ వేగాన్ని.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. బిల్లు తగ్గాలంటే బ్లోయర్‌ని హై స్పీడులో పెట్టి, టెంపరేచర్‌ని 26కో 27కో పెంచండి. మా అపార్ట్‌మెంట్‌లో చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. ఫ్యాన్ తక్కువ తిరిగితే కరెంటు తక్కువ కాలుతుందని లో స్పీడులో పెడతారు, గది చల్లబడట్లేదని 22కో 20కో దించుతారు.

లెక్క చూడండి. లోపలి యూనిట్‌లో బ్లోయర్ మోటారు తినేది ముప్పై, నలభై వాట్లు. బయటున్న కంప్రెసర్ పూర్తి లోడు మీద 1500 వాట్ల దాకా లాగుతుంది. బ్లోయర్ వేగం తగ్గించి మిగుల్చుకునేది పదో పదిహేనో వాట్లు. దానికి బదులుగా పోయేది అంతకన్నా ఎక్కువ. లోపలి యూనిట్‌లో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీదుగా గాలి తక్కువగా పోతే కాయిల్ మరీ చల్లబడిపోతుంది, లోపల గ్యాస్ ప్రెషర్ పడిపోతుంది, ఆ తక్కువ ప్రెషర్ నుంచి గ్యాస్‌ని లాగి నొక్కడానికి కంప్రెసర్ ఎక్కువ కష్టపడాలి. గాలి ధారాళంగా పోతే కాయిల్ అంత చల్లబడదు, అదే కరెంటుకు ఎక్కువ చల్లదనం వస్తుంది. పైగా ఇన్వర్టర్ ఏసీలో గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగిపోకుండా వేగం తగ్గించుకుంటుంది. దాన్ని ఎంత త్వరగా ఆ తగ్గిన వేగానికి తెస్తే అంత లాభం.

ఇది నమ్మకం మీద చెప్పడం లేదు. ఎలక్ట్రీషియన్‌తో ఏసీ లైన్‌కి విడిగా చిన్న డిజిటల్ మీటర్ పెట్టించాను. మే నెల రాత్రుళ్లు, గది స్థిరంగా చల్లబడ్డాక, 24 డిగ్రీలు, లో స్పీడులో మీటర్ మీద కనిపించేది ఆరేడు వందల వాట్లు. 26 డిగ్రీలు, హై స్పీడు, సీలింగ్ ఫ్యాన్ రెండో నంబరు మీద ఉంటే నాలుగు వందల చుట్టూ. ఇందులో బ్లోయర్ వాటా ఎంతో కూడా చెప్పాలి. టెంపరేచర్ ముట్టుకోకుండా స్పీడు ఒక్కటే మార్చి చూస్తే తేడా పది శాతం లోపే. అసలు ఆదా డిగ్రీలు పెంచడం వల్ల వస్తోంది. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర విద్యుత్ శాఖ చెబుతున్న లెక్క కూడా ఉంది. 2020 జనవరి 1 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన తెచ్చింది ఇందుకే. కానీ 26లో హాయిగా నిద్రపట్టాలంటే ఒంటికి గాలి తగలాలి, గది మూలమూలకీ చల్లదనం చేరాలి. ఆ పని బ్లోయర్‌ది. 26, లో స్పీడు కలిపి పెడితే మంచం దగ్గర ఉక్కగానే ఉంటుంది, మళ్లీ చెయ్యి రిమోట్ మీదికి పోతుంది.

మన కరెంటు బిల్లు స్లాబుల్లో ఉండటం వల్ల ఈ ఆదాకి విలువ ఇంకా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నాటి టారిఫ్‌లో 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. వేసవిలో ఏసీ తినే యూనిట్లు ఎప్పుడూ ఆ పై స్లాబులోకే వెళ్తాయి. రాత్రికి రెండు యూనిట్లు మిగిలినా అవి ఖరీదైన యూనిట్లే.

ఇక ఈ పద్ధతి పనిచేయని కాలం గురించి. రోహిణి కార్తె ఎండల్లో హై స్పీడుకి తిరుగులేదు. కానీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, వాన వెలిసి గాలి స్తంభించిన రాత్రుళ్లు కథ వేరు. బయట వేడి అంతగా ఉండదు కాబట్టి కంప్రెసర్ మెల్లగా తిరుగుతుంది, బ్లోయర్ హోరున గాలి తోస్తుంది, కాయిల్ గాలిలో తేమని పట్టి నీరు చేసేంత చల్లగా ఉండదు. 26 చూపిస్తుంది, ఒళ్లు మాత్రం జిగటగా ఉంటుంది, దుప్పటి చెమ్మగా తగులుతుంది. బాల్కనీలో డ్రైన్ పైపు కింద పెట్టిన బకెట్ చూస్తే విషయం తెలిసిపోతుంది. హై స్పీడులో చుక్క చుక్కగా పడే నీరు, లో స్పీడుకి మార్చి 25 పెట్టిన కాసేపటికి సన్నటి ధార అవుతుంది. అలాంటి రాత్రుళ్లు నేను లో స్పీడుకే వెళ్తాను, లేదా పడుకునే ముందు ఓ గంట తేమ లాగే డ్రై మోడ్ వేస్తాను. కరెంటు కాస్త ఎక్కువైనా అక్కడ కావలసింది తేమ తగ్గడం. హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్యకి వేసవిలో ఈ బాధ లేదు. అక్కడ ఏప్రిల్, మేలలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వేసవంతా హై స్పీడులోనే నడుపుతాడు.

నాన్నగారి గదిలో పాత విండో ఏసీ ఉంది. ఇన్వర్టర్ కాదు. అందులో కంప్రెసర్ టక్కున ఆగిపోయినా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. ఆ కొన్ని నిమిషాల్లో కాయిల్ మీద పట్టిన తడి ఆరి, ఆవిరై మళ్లీ గదిలోకే వస్తుంది. కష్టపడి బయటికి పంపాల్సిన నీటినే తిరిగి లోపలికి తెచ్చుకున్నట్టు. ఎనర్జీ సేవర్ బటన్ నొక్కితే కంప్రెసర్‌తో పాటు బ్లోయర్ కూడా ఆగుతుంది. ఉక్కపోత కాలంలో నాన్నగారికి అదే పెట్టి ఇస్తాను.

హ్యూస్టన్‌లో ఉండే మా చెల్లి ఇంట్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడ ఇల్లంతటికీ ఒకటే సెంట్రల్ ఏసీ, గోడ మీద థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌కి ఆన్, ఆటో అని రెండు ఉంటాయి. ఆన్ అంటే కంప్రెసర్ ఆగినా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది, ఆటో అంటే దానితో పాటే ఆగుతుంది. ఆన్‌లో పెడితే గదులన్నీ సమంగా ఉంటాయని ఆమె అలాగే ఉంచేది. హ్యూస్టన్ వాతావరణం మన కోస్తా లాంటిదే. పైగా అక్కడి బ్లోయర్ మన స్ప్లిట్ ఏసీలో ఉండే చిన్న మోటారు కాదు, పాత రకమైతే నాలుగైదు వందల వాట్లు తినేస్తుంది. గాలి గొట్టాలు ఎండకి మరిగే అటక మీదుగా పోతాయి కాబట్టి దారిలో వేడి కూడా ఎక్కుతుంది. అక్కడ ఆటోనే సరైనది. ఆటోకి మార్చాక ఇల్లు పొడిగా ఉంటోందని చెప్పింది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. రిమోట్‌లో హై అని ఉన్నంత మాత్రాన గాలి హై రాదు. మెష్ ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగడం చాలామందికి తెలుసు. బ్లోయర్ చక్రం సంగతి ఎవరూ చూడరు. ఫ్లాప్ కాస్త పైకెత్తి టార్చ్ వేసి చూడండి. లోపల అడ్డంగా పొడవాటి చక్రం, దాని చుట్టూ వేలి గోరంత వెడల్పుండే వంపు రెక్కలు వందల్లో ఉంటాయి. ఆ వంపుల్లో దుప్పట్ల నూగు, అగరబత్తి పొగ, రోడ్డు దుమ్ము తేమతో కలిసి నల్లటి పేస్టులా గట్టిపడుతుంది. రెక్క వంపు పూడిపోతే చక్రం ఎంత వేగంగా తిరిగినా గాలిని తోయలేదు. మా ఏసీకి గ్యాస్ తగ్గిందని, నింపాలని ఒక మెకానిక్ అన్నాడు. ఇంకొకాయన్ని పిలిచి, కింద ప్లాస్టిక్ సంచి కట్టించి జెట్ పంపుతో చక్రం కడిగించాను. బకెట్‌లో తారులాంటి నీళ్లు దిగాయి. ఆ సాయంత్రం నుంచి గాలి మళ్లీ ఎదుటి గోడ దాకా కొట్టింది. గ్యాస్ ఎక్కించనే లేదు. ఏడాదికోసారి, వేసవికి ముందు, ఈ పని తప్పకుండా చేయించండి.

హై స్పీడుతో ఇబ్బంది హోరే. పాపకి జలుబు ఉన్న రోజుల్లో గాలి నేరుగా తగలకుండా ఫ్లాప్‌ని పైకి, సీలింగ్ వైపు తిప్పుతాం. చల్లగాలి బరువు కాబట్టి అదే కిందికి దిగుతుంది. నిద్రపట్టాక మీడియంకి దించినా ఆదాలో పెద్దగా తేడా కనిపించలేదు. ఉదయం ఆపే ముందు కిటికీ తెరిచి, పది పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడుపుతాను. కాయిల్ ఆరుతుంది, ముక్కిన వాసన రాదు. కొన్ని మోడళ్లలో ఆటో క్లీన్ పేరుతో ఇది దానంతటదే జరుగుతుంది. అయితే రాత్రి మధ్యలో, తలుపులన్నీ వేసి ఉన్నప్పుడు మాత్రం ఫ్యాన్ మోడ్ వద్దు. తేమంతా గదిలోనే ఉండిపోతుంది.

కొత్త ఏసీ కొనబోయేవాళ్లు షాపులో టన్నులు, స్టార్లతో పాటు గాలి ప్రవాహం అంకె కూడా అడగండి. స్పెసిఫికేషన్ కాగితం మీద సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగులు) అనో, గంటకు ఇన్ని ఘనపు మీటర్లనో ఉంటుంది. ఒకే టన్నులు, ఒకే స్టార్లున్న రెండు మోడళ్ల మధ్య నేనైతే ఆ అంకె పెద్దగా ఉన్నదాన్నే తీసుకుంటాను.