పేరుకు డైరెక్టరా, పనిచేసే డైరెక్టరా, వట్టి వాటాదారా: ఏది మేలు?

"బావా, ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇద్దరు డైరెక్టర్లు ఉండాలట. నువ్వు పేరుకుంటే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా." కొత్తగా కంపెనీ పెడుతున్న బావమరిది ఇలా అడిగితే మొహమాటానికి ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. మూడు దారుల్లో ఇదే తేలికగా కనిపిస్తుంది. నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది ఇదే.

ఎందుకంటే 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ పేరుకు ఉన్నవాళ్లని, పనిచేసేవాళ్లని డైరెక్టర్లను విడదీయలేదు. తగిన జాగ్రత్త, నేర్పు, శ్రద్ధ చూపాలి, సొంతంగా ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి. తప్పితే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా. అది చిన్న దెబ్బే. కంపెనీ వరుసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయకపోతే అందులోని డైరెక్టర్లపై డైరెక్టర్ పదవికి ఐదేళ్ల అనర్హత పడుతుంది. 2017లో ఇలా 3 లక్షల మందికి పైగా అనర్హుల జాబితాకెక్కారు. ప్రైవేట్ కంపెనీ కట్టాల్సిన ఆదాయపు పన్ను కంపెనీ నుంచి వసూలు కాకపోతే, ఆ ఏడాది డైరెక్టర్లుగా ఉన్నవాళ్ల మీదికొస్తారు. అది తన నిర్లక్ష్యం వల్ల జరగలేదని నిరూపించుకోవాల్సింది డైరెక్టరే.

కంపెనీ రోజువారీ పనిలో లేని డైరెక్టర్‌కు చట్టం ఒక రక్షణ ఇచ్చిన మాట నిజమే. 149వ సెక్షన్ 12వ ఉపసెక్షన్ ప్రకారం, బోర్డు వ్యవహారాల ద్వారా తనకు తెలిసి, తన సమ్మతితో జరిగినవాటికే అతను బాధ్యుడు. కానీ అదే వాక్యం చివర 'లేదా శ్రద్ధగా వ్యవహరించనప్పుడు' అని కూడా ఉంది. డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌ను ఆడిటర్ దగ్గర వదిలేసి మినిట్స్ (బోర్డు సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టే పుస్తకం) ముఖం చూడనివాడు ఏ శ్రద్ధ చూపించగలడు? పైగా ఏడాదిపాటు ఒక్క బోర్డు మీటింగ్‌కూ వెళ్లకపోతే పదవి దానంతటదే పోతుంది.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2008 డిసెంబర్ 16న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం బోర్డు, దాని ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఆమోదం తెలిపింది. ఆ బోర్డులోని స్వతంత్ర డైరెక్టర్లు (కంపెనీ యాజమాన్యంతో సంబంధం లేని బయటివాళ్లు) ప్రొఫెసర్లు, మాజీ ఉన్నతాధికారి, పేరున్న ఇంజనీర్. మూడు వారాల్లో, లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పదిమందిలో స్వతంత్ర డైరెక్టర్లు లేరు. కానీ పరువు నష్టానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. ఆ స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరైన రామ్మోహనరావు, హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీకి డీన్. 2009 జనవరిలోనే ఆ డీన్ పదవి వదులుకున్నారు.

పనిచేసే డైరెక్టర్‌కు బరువు ఇంకా ఎక్కువ. చెక్ బౌన్స్ కేసులో డైరెక్టర్ అయినంత మాత్రాన నేరస్తుడు కాడని ఎస్‌ఎంఎస్ ఫార్మా కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది గానీ, మేనేజింగ్ డైరెక్టర్‌నూ చెక్కు మీద సంతకం పెట్టినవాడినీ వదల్లేదు. బ్యాంకు అప్పుకు సొంత పూచీ అడుగుతుంది. సంతకం పెడితే కంపెనీ మునిగినప్పుడు ఇల్లూ పొలమూ లెక్కలోకొస్తాయి. అయినా ఇతనికి లెక్కలు కళ్లెదుటే ఉంటాయి. నచ్చని నిర్ణయం మీద తన అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించగలడు. తప్పు జరగబోతుంటే ఆపగలడు. పేరుకున్నవాడికి బాధ్యత మిగులుతుంది గానీ ఈ పట్టు ఉండదు.

బావమరిదికి సాయపడాలని మాత్రమే ఉంటే వాటా కొనడం మేలు. పోతే పెట్టిన డబ్బే పోతుంది. ఏటా ఆర్థిక లెక్కల ప్రతి వస్తుంది. పదో వంతు వాటా ఉంటే, కంపెనీని అడ్డగోలుగా నడుపుతున్నప్పుడు కంపెనీ వివాదాలు చూసే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. బ్యాంకు పూచీ పత్రం మీద మాత్రం వాటాదారుగా కూడా సంతకం పెట్టొద్దు.

ఇప్పటికే పేరిచ్చేసినవాళ్లు రాజీనామాను రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రుజువు దాచుకోవాలి. డైరెక్టర్ తప్పుకున్నట్టు ప్రభుత్వ రిజిస్ట్రార్‌కు తెలిపే డీఐఆర్-12 ఫారాన్ని కంపెనీ దాఖలు చేసిందో లేదో చూసుకోవాలి. రాజీనామా సంగతి తెలిపే డీఐఆర్-11 ఫారాన్ని డైరెక్టరే సొంతంగానూ వేయొచ్చు. పదవిలో ఉన్న కాలంలో జరిగిన తప్పులకు మాత్రం రాజీనామా తర్వాతా జవాబు చెప్పాల్సిందే.